రంగడు సముద్రం దాటిన ఏడాది

మొన్నామధ్య మా అమ్మాయి స్నేహితురాళ్ళతో కలిసి కంబోడియా వెళ్ళొచ్చింది. వెళ్ళేముందు పెద్ద హడావుడేమీ లేదు. ఆఫీసు సెలవులు కలిసొచ్చాయంది, చిన్న పెట్టె ఒకటి లాక్కుంటూ వెళ్ళింది, వారం తిరక్కుండా వచ్చేసింది. వచ్చిన మర్నాడు పొద్దున టిఫిన్ తింటూ నా పక్కన కూచుని ఫోన్లో ఫోటోలు చూపించసాగింది. గోడల్ని వేళ్ళతో పట్టుకుని నిలబడ్డ పెద్ద పెద్ద చెట్లు, మెట్ల మీద కాళ్ళు చాపుకున్న ఆడపిల్లలు, కొబ్బరి బొండాలు, మళ్ళీ గోపురాలు. తను వేలితో తోసేస్తుంటే ఒక ఫోటో దగ్గర ఆగమన్నాను. నారింజ రంగు బట్ట చుట్టిన, ఎనిమిది చేతుల నిలువెత్తు విగ్రహం. ముందు అగరొత్తుల పొగ. “అదేదో విష్ణుమూర్తి అంట అబ్బాజీ. అందరూ దిగుతుంటే మేమూ సెల్ఫీ దిగాం,” అంది. “ఆ మూర్తిని నేనెరుగుదును,” అన్నాను. “మీరెప్పుడు వెళ్ళారు? ఒక్కనాడూ చెప్పలేదే!” అని దోసె ముక్క చేతిలో పట్టుకునే నావైపు తిరిగింది. నిజమే, చెప్పలేదు. తను అప్పటికి పుట్టలేదు. పుట్టి పెద్దదయ్యాక కూడా ఆ ప్రయాణం గురించి ఇంట్లో మాట్లాడే సందర్భం వస్తే నేను ఏదో పని ఉన్నట్టు లేచి వెళ్ళిపోయేవాణ్ణి. అందులో చూసినవాటి గురించి ఎంతసేపైనా చెప్పగలను. దాని తర్వాత జరిగింది చెప్పాల్సి వస్తుందనే జంకు.

మాది తెనాలి. మా నాన్న పటాలు కట్టేవాడు. వీధివైపు షాపు, దాని వెనక రెండు గదుల ఇల్లు. ఆ ఇంట్లో అన్నిటికన్నా ముందు నిద్ర లేచేది వాసన. రంపం పొట్టు వాసన, పొయ్యి మీద కరుగుతున్న జిగురు వాసన, దానిమీదుగా మా అమ్మ చేసే ఖీమా తాలింపు వాసన. నాన్న దగ్గరికి వచ్చే వాటిలో ముప్పాతిక వంతు దేవుడి పటాలే. వెంకటేశ్వరస్వామి, లక్ష్మీదేవి, సాయిబాబా. మిగతావి పోయిన తాతల ఫోటోలు. దేవుడి బొమ్మ ముట్టుకునేముందు నాన్న చేతులు కడుక్కునేవాడు. బొమ్మని ఎప్పుడూ బోర్లా పెట్టనిచ్చేవాడు కాదు. “ఎవరి అల్లా వాళ్ళకి బేటా. మనం అద్దం సరిగ్గా కోశామా లేదా, అదే మనని అడిగేది,” అనేవాడు, నోట్లో మేకులు పెట్టుకుని. నోట్లో మేకులున్నప్పుడే ఆయనకి మాటలు బాగా వచ్చేవి.

బాపట్లలో డిగ్రీ చదివేటప్పుడు నాకు ఇద్దరు స్నేహితులు దొరికారు. ఒకడు ప్రసాదు. వేటపాలెం వాడు. వాళ్ళింట్లో జీడిపప్పు వ్యాపారం. వాడి పుస్తకాల సంచిలో చెయ్యి పెడితే పుస్తకాల కన్నా ముందు పప్పు బద్దలు తగిలేవి. రెండోవాడు రంగడు. రేపల్లెకి కాస్త ఇవతల ఒక పల్లెటూళ్ళో చెన్నకేశవస్వామి గుడి అర్చకుల ఇంట పుట్టినవాడు. అసలు పేరు రంగాచార్యులు. పిలక దాచుకోవడానికి కాలేజీకి టోపీ పెట్టుకొచ్చేవాడు. సాయంత్రాలు ముగ్గురం సైకిళ్ళ మీద సూర్యలంక బీచికి పోయేవాళ్ళం. ప్రసాదు బట్టలు విప్పి నీళ్ళలో దూకేవాడు. నేను మోకాళ్ళ దాకా దిగేవాణ్ణి. రంగడు మాత్రం అలలు ఆగిపోయే చోట నిలబడి, కాసిని నీళ్ళు తల మీద చల్లుకుని, తూర్పువైపు చూస్తూ ఉండేవాడు. “ఇలా నేరుగా పోతే ఎక్కడికి పోతాంరా?” అనడిగేవాడు. లైబ్రరీలో పాత పత్రిక ఒకటి దొరికిందట వాడికి. అందులో సముద్రానికి అవతల, మన దేవుళ్ళకి వేరేవాళ్ళు కట్టుకున్న గుళ్ళ బొమ్మలున్నాయట. ఆ రాళ్ళ మీద క్షీరసాగర మథనం చెక్కి ఉందట. తాడు పట్టుకుని లాగుతున్న దేవతల ముఖాలూ రాక్షసుల ముఖాలూ ఒక్కలాగే నవ్వుతున్నాయట. “శిల్పికి ఎవరి పక్షమో తేలలేదేమోరా,” అని తనే నవ్వేవాడు. ఆ గుళ్ళ మాట అలా ఎన్నిసార్లు చెప్పాడో, మాకూ అవి ఎప్పుడో ఒకనాడు చూసిరావాల్సిన చుట్టాలిళ్ళలా అనిపించసాగాయి.

సెలవుల్లో నేను వాళ్ళ ఊరు వెళ్ళేవాణ్ణి. తెనాలిలో రేపల్లె బండి ఎక్కితే కాలవలూ అరటితోటలూ చూస్తుండగానే వచ్చేసేది. వాళ్ళ నాన్నగారిని ఊరంతా ఆచార్యులుగారనేవారు, నేను బాబాయిగారనేవాణ్ణి. తెల్లవారకముందే చన్నీళ్ళు పోసుకుని, తడిబట్టతోనే నూతిలో నీళ్ళు తోడి, ఇత్తడి బిందె భుజానికెత్తుకుని గుడికి పోయేవారు. దారిలో ఎవరినీ తాకేవారు కాదు, ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. కోడిపిల్ల అడ్డొచ్చినా ఆగి, అది పోయాకే అడుగేసేవారు. మొదటిసారి నేను గుడి ముందు తచ్చాడుతుంటే చూసి, “ఏంటి నాయనా, ఎండలో నిలబడ్డావు? మండపం దాకా రా. అక్కడిదాకా అందరిదీనూ. ఆ గడప లోపలే మాది. అదీ మాది కాదనుకో, స్వామిది,” అన్నారు. సేవ అయిపోయి ఇంటికొచ్చాక మనిషి పూర్తిగా మారిపోయేవారు. పెద్ద గ్లాసుతో కాఫీ పట్టుకుని అరుగు మీద కూచుని ప్రపంచంలో ఉన్నవన్నీ అడిగేవారు. తెనాలిలో సినిమా హాళ్ళు ఎన్ని ఉన్నాయి, నిజాంపట్నంలో పడవలకి ఇంజన్లు ఎక్కడ బిగిస్తారు, మా ఇంట్లో రంజాన్‌కి సేమియా ఎలా వండుతారు. తిరుపతి దాటి ఎక్కడికీ వెళ్ళని మనిషి. వినడంలో మాత్రం ఆయనంత దూరం తిరిగినవాణ్ణి నేను చూడలేదు.

చదువులయ్యాక నేను తెనాలిలో తెలుగు పాఠాలు చెప్పుకునే ఉద్యోగంలో పడ్డాను. రంగడు ఊళ్ళోనే ఉండి తండ్రితో పాటు స్వామి కైంకర్యంలో నిలబడ్డాడు. పగలు రేపల్లెలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేవాడు. ప్రసాదు నిజాంపట్నం రొయ్యల వ్యాపారం పట్టుకుని, దానితో పాటే ఈదుకుంటూ బ్యాంకాక్ చేరాడు. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే మాలాంటి వాళ్ళ చేతుల్లోకి వస్తున్న కాలం. ఒకరోజు వాడు ఫోన్ చేసి, “ఒరేయ్, ఆ రంగడి గుళ్ళు ఇక్కణ్ణించి రోడ్డు మీద పోయేంత దూరమేరా. మీరిద్దరూ ఇక్కడిదాకా రండి, మిగతాది నేను చూసుకుంటా,” అన్నాడు.

ఆ మాట చెప్పగానే రంగడి ముఖం వెలిగి, అంతలోనే ఆరిపోయింది. నాకు అప్పుడే తెలిసింది, మూలవిరాట్టుని తాకే అర్చకుడు సముద్రం దాటకూడదని. దాటితే తిరిగొచ్చాక మళ్ళీ స్వామిని తాకే అర్హత ఉండదని వాళ్ళ పెద్దల మాట. “విమానంలో పోతే నీళ్ళు తాకవు కదరా?” అన్నాను తెలివిగా. “దాటడమే లెక్క. ఎలా దాటావన్నది కాదు,” అన్నాడు. అప్పటికే ఒకరిద్దరు అర్చకులు బయటి దేశాల గుళ్ళకి పోయి వస్తున్నారనీ, ఏదో శాంతి చేయించుకుని మళ్ళీ గర్భగుడిలోకి వెళ్తున్నారనీ వాడే చెప్పాడు. మా నాన్నకి ఈ సంగతి చెబితే, “వాళ్ళ నాన్న ఏమంటే అదే చెయ్యమను. మధ్యలో మనం మాట్లాడకూడదు,” అన్నాడు. ఈ ఒక్క మాటా నోట్లో మేకులు తీసేసి అన్నాడు.

రంగడు తండ్రిని అడిగిన రోజు నేనక్కడే అరుగు మీద ఉన్నాను. ఆచార్యులుగారు కాఫీ గ్లాసు పక్కన పెట్టారు. తర్వాత, “ఎంత పెద్ద గుడిరా అది?” అన్నారు. రంగడు చేతులు చాపి, లేచి నిలబడి, వీధి ఆ చివర్నించి ఈ చివరికి చూపించి, ఇంకా చాలదన్నాడు. “ఏ స్వామి?” “విష్ణువేనండి నాన్నగారూ. పడమటి ముఖం.” “పడమటి ముఖమా!” అని ఆశ్చర్యపోయి, తల పంకించి, “చూసి రా నాయనా,” అన్నారు. అంతే అన్నారు. రంగడు నా చెయ్యి పట్టుకుని నలిపేశాడు. లోపల వాళ్ళమ్మగారు గిన్నె ఏదో కింద పెట్టిన చప్పుడు వినిపించింది. ఆమె బయటికి రాలేదు.

బయల్దేరే రోజు తెల్లవారుజామున ఆచార్యులుగారు కొడుకుని నిద్రలేపి, “ఇవాళ సేవంతా నువ్వే చెయ్యి,” అన్నారట. నేను వెళ్ళేసరికి గుళ్ళో రంగడొక్కడే లోపలున్నాడు. తండ్రి మండపంలో నా పక్కన, మామూలు భక్తుడిలా నిలబడి ఉన్నారు. రంగడు స్వామికి అభిషేకం చేశాడు, తడి తుడిచాడు, చందనం అద్దాడు, తులసిమాల వేశాడు. వాడి చేతులు ఆ రాతి భుజాల మీద, పసిబిడ్డకి నీళ్ళు పోసిన తల్లి చేతుల్లా తిరుగుతున్నాయి. ఆచార్యులుగారు ఒకటి రెండు సార్లు, “తొందరలేదు నాయనా, నెమ్మదిగా,” అన్నారు. “పాదాల దగ్గర ఇంకాస్త చందనం పెట్టు.” “ఆ మాల సర్దు.” పచ్చకర్పూరం వాసన మండపమంతా నిండిపోయింది. బండికి టైమవుతోందని నేను లోలోపల కంగారు పడుతున్నాను కానీ వాళ్ళిద్దరికీ అటువంటి ధ్యాసే లేదు. రైల్లో కూచున్నాక రంగడు, “నాన్నగారు మనస్ఫూర్తిగా దీవించి పంపించారురా. ఇంక ఏ బెంగా లేదు,” అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

బ్యాంకాక్‌లో ప్రసాదు మమ్మల్ని కారెక్కించి సరిహద్దు దాకా తీసుకెళ్ళాడు. ఆవలి వైపు రోడ్డని పేరే గానీ అంతా ఎర్రమట్టి. వంతెనలున్నచోట చెక్కలు పరిచారు. ఆ రోజు సాయంత్రానికి ముగ్గురి కనుబొమ్మలూ ఎర్రబడి, వేషాలేసుకున్నవాళ్ళలా తయారయ్యాం. రంగడు తెచ్చుకున్న అటుకులూ బెల్లమూ తప్ప ఏమీ ముట్టలేదు. పొలాల్లో తాటిచెట్లు చూసి మాత్రం చిన్నపిల్లాడిలా, “అచ్చం మన రేపల్లె దారేరా, చూడు!” అన్నాడు. నిజంగానే నీళ్ళు నిలిచిన వరిమళ్ళూ, గట్ల మీద తాళ్ళూ, బురదలో గేదెలూ. మైలురాళ్ళ మీద అక్షరాలొక్కటే వేరు.

మర్నాడు ఆ పెద్ద గుడి చూశాం. చుట్టూ కాలవంత వెడల్పు అగడ్త, దాని మీద రాతి దారి. దారి మొదట్లోనే రంగడు చెప్పులు విప్పాడు. గైడు కంగారుపడి రాళ్ళు కాలతాయని చెప్పబోయాడు. రంగణ్ణి చూసి నేనూ విప్పాను, ప్రసాదు గొణుక్కుంటూ విప్పాడు. మొదటి ప్రాకారంలో అడుగు పెట్టగానే కుడిపక్కన ఆ ఎనిమిది చేతుల మూర్తి. నారింజ బట్ట, మల్లెలు, కాలుతున్న అగరొత్తులు. రంగడు అలా నిలబడిపోయాడు. తర్వాత మెల్లగా, గొంతులోనే మంత్రం అందుకున్నాడు. ఆ పక్కనే తెల్లబట్టలు కట్టుకుని, తల గొరిగించుకున్న ముసలావిడ ఒకామె చాప మీద కూచుని ఉంది. ఆమెకి వాడి మాట ఒక్కటీ అర్థమయ్యుండదు. అయినా లేచి, చేతులు జోడించి, వాడు ముగించేదాకా కళ్ళు మూసుకుని నిలబడింది. తర్వాత వాడి చేతికి ఎర్రదారం కట్టింది. ప్రసాదుకి కట్టింది. నావైపు తిరిగింది. మా అమ్మ చూస్తే ఏమంటుందో అని ఒక్క క్షణం అనుకున్నాను గానీ, చెయ్యి చాచాను. ముసలావిడ పళ్ళు లేని నోటితో నవ్వి, నా తల మీద చెయ్యి పెట్టింది.

రంగడు ఎన్నాళ్ళనుంచో చెబుతున్న ఆ మథనం గోడ దగ్గర మేము సగం పూటపైనే ఉన్నాం. ముఖాల సంగతి వాడు చెప్పింది నిజమే. కానీ నాకు బాగా గుర్తున్నది అది కాదు. ఊరికి దూరంగా, అడవిలో, జనం రాని చిన్న గుడి ఒకటుంది. గర్భగుడిలోకి ఎవరైనా పోవచ్చు, ఎవరూ కాదనరు. లోపల పీఠం ఉంది, మూర్తి లేదు. గబ్బిలాల వాసన. పీఠం మీద ఆకులు, రెట్టలు. రంగడు గడప దగ్గర ఆగి ఎవరినో అనుమతి అడిగినట్టు చూశాడు. తర్వాత లోపలికెళ్ళి, ఆకులు ఏరి, సీసాలోని నీళ్ళు పోసి, తన భుజం మీది కండువాతో పీఠమంతా తుడవసాగాడు. “ఎవరి కోసంరా? అక్కడ దేవుడు లేడు,” అన్నాడు ప్రసాదు నవ్వుతూ. రంగడు తలెత్తలేదు. “ఎవరో ఒకాయన ప్రతిరోజూ ఇక్కడికి నీళ్ళు మోసుకొచ్చేవాడు కదరా, మా నాన్నలాగా. ఆయన తర్వాత ఇంకెవరూ రాలేదు. అదెట్లా ఉంటుందో చూడు,” అన్నాడు. ప్రసాదు నవ్వు ఆగిపోయింది. వాడూ లోపలికెళ్ళి ఆకులు ఏరాడు. తిరుగు దారిలో రంగడన్నాడు: “నాన్నగారిని ఒక్కసారి తీసుకురావాలిరా. ఏమైనా సరే.” ఆ మాట అంటున్నప్పుడు వాడి ముఖంలో ఉన్నంత వెలుగు నేను మళ్ళీ చూడలేదు.

తిరిగొచ్చిన మర్నాడు పొద్దున, వాణ్ణి దింపడానికి నేనూ వాళ్ళ ఊరు వెళ్ళాను. రంగడు నూతి దగ్గర స్నానం చేసి, తడిబట్టతో, సంతోషంగా గుళ్ళోకి పరుగెత్తాడు. ఆచార్యులుగారు లోపల దీపం వత్తి సర్దుతున్నారు. కొడుకు అడుగుల చప్పుడు విని వెనక్కి తిరిగారు. కళ్ళనిండా ప్రేమ. గడప మీద కాలు వెయ్యబోతుంటే, “అక్కడే నాయనా,” అన్నారు. కోపం లేదు. జారుతుందని పిల్లవాణ్ణి హెచ్చరించినట్టుంది ఆ గొంతు. రంగడికి అర్థం కాలేదు. “నాన్నగారూ, మీరే కదా వెళ్ళిరమ్మన్నారు...” “వెళ్ళిరమ్మన్నాను. చూడాలని నీకంత ఆశగా ఉంటే ఎలా వద్దంటాను? అందుకే ఆ రోజు సేవంతా నీ చేత చేయించాను. తనివితీరా తాకనీ అని.” రంగడు ఒక అడుగు వెనక్కి వేశాడు. “శాంతి చేయించుకుంటే...” అన్నాడు. “ఉందని కొందరంటారు, లేదని కొందరంటారు. ఉందో లేదో తెలియనిదాని మీద స్వామిని ఎలా పెట్టనురా? నీకు తెలిసే వెళ్తున్నావనుకున్నాను,” అన్నారాయన. “మీరు ఒప్పుకున్నారనుకున్నాను,” అన్నాడు రంగడు. ఇద్దరూ ఒకే మాటని రెండు వైపులా పట్టుకుని నిలబడ్డారు. అంతకుముందు ఆ అరుగు మీద ఒక్కరు, ఒక్క ప్రశ్న ఎక్కువ వేసి ఉంటే సరిపోయేది. ఆ తండ్రీకొడుకులు ప్రపంచంలో ఉన్నవన్నీ మాట్లాడుకున్నారు గానీ ఆ ఒక్కటీ మాట్లాడుకోలేదు.

ఇంట్లో మాత్రం ఏ మార్పూ లేదు. పక్కపక్కనే భోంచేశారు. సాయంత్రం కాగానే ఆచార్యులుగారు కాఫీ గ్లాసు పట్టుకుని అరుగు మీదికొచ్చి, “ఊఁ, చెప్పరా. ఆ స్వామికి ఎనిమిది చేతులన్నావు, ఏ చేతిలో ఏముంది?” అనేవారు. రంగడు చెప్పేవాడు. ఆ ముసలావిడ సంగతి, చెక్కల వంతెనల సంగతి, ఖాళీ పీఠం సంగతి. ఖాళీ పీఠం సంగతి ఆయన మళ్ళీ మళ్ళీ అడిగేవారు. “తుడిచావు కదా? మంచి పని చేశావు,” అనేవారు. నేను వెళ్ళినప్పుడల్లా అదే మాట, అదే వినడం. అంత ఇష్టంగా వినే మనిషి, తెల్లవారేసరికి ఆ కొడుకునే గడప ఇవతల ఎలా ఉంచేవారో నాకు చాలాకాలం మింగుడుపడలేదు. ఇప్పుడు నా వయసూ ఆయన వయసుకి దగ్గరపడుతుంటే కొంచెం అర్థమవుతోంది. కొడుకు మీద ప్రేమ ఆయన సొంతం, ఎంతైనా ఇవ్వగలరు. గడప ఆయన సొంతం కాదు.

రంగడు పొద్దున్నే లేచి పూలు కోసి తెచ్చి మండపం మెట్ల మీద పెట్టేవాడు. అంతవరకే. నీళ్ళు ఆచార్యులుగారే మోసుకోవాలి. వయసు పైబడుతుంటే బిందె చిన్నదయింది, నూతికీ గుడికీ మధ్య రెండు చోట్ల దించుకోవడం మొదలుపెట్టారు. వేరే ఊళ్ళో ఉన్న వాళ్ళ దాయాదుల పిల్లవాణ్ణి ఎవరినైనా తెచ్చుకోమని ఊళ్ళోవాళ్ళు అంటే, “ఓపిక ఉన్నన్నాళ్ళు చేస్తాలెండి,” అనేవారు.

స్వామి అలంకారం పటం ఒకటి అద్దం పగిలితే, మా నాన్న కొత్త అద్దం వేసి ఇచ్చాడు. దాన్ని పట్టుకుని నేను వెళ్ళిన పొద్దున జరిగిందిది. రంగడూ నేనూ మండపంలో పటం తగిలించే చోటు చూస్తున్నాం. లోపల బిందె పడి దొర్లిన చప్పుడైంది. వెంటనే మనిషి పడిన చప్పుడు. “నాన్నా!” అని రంగడు ఒక్క ఉదుటున గడప దాకా పోయి, రెండు చేతుల్తో ద్వారబంధం పట్టుకుని ఆగిపోయాడు. నేను వాడి వెనక. దీపం వెలుగులో ఆయన తడి రాళ్ళ మీద ఒక పక్కకి ఒరిగి పడి ఉన్నారు. “రాకు నాయనా. బాగానే ఉన్నా,” అన్నారు. బాగా లేరు. లేవబోయారు, కాలు జారింది. పీఠం అంచు పట్టుకున్నారు, చెయ్యి నిలవలేదు. మూడు నాలుగు అడుగుల దూరం. ఒకడు సముద్రం దాటినవాడు, ఒకడు అసలు ఆ గడప దాటే వరసే లేనివాడు. ఇద్దరం అక్కడే నిలబడిపోయాం. రంగడు కండువా తీసి, ఒక కొస తను పట్టుకుని రెండో కొస లోపలికి విసిరాడు. “ఇది పట్టుకోండి, నేను లాగుతా.” ఆయన ఆ కొసని చూశారు. ముట్టుకోలేదు. మోచేతుల మీద బరువేసి, కొంచెం కొంచెంగా పాకుతూ గడప దాకా వచ్చి, బయటపడ్డాక గానీ కొడుకు చేతికి చెయ్యి ఇవ్వలేదు. ఇచ్చిన తర్వాత ఆ చెయ్యి వదల్లేదు. “దీపం కొండెక్కలేదు కదా?” అన్నారు. “లేదండి నాన్నగారూ,” అన్నాడు రంగడు, ఏడుస్తూ.

ఆ తర్వాత ఆయన మంచం దిగింది లేదు. దాయాదుల కొడుకు వచ్చి సేవ అందుకున్నాడు. ఆచార్యులుగారు ఆ యేడు వర్షాకాలం దాటకుండానే వెళ్ళిపోయారు. పెద్దకర్మ అయిన సాయంత్రం రంగడి తల్లి మమ్మల్నిద్దర్నీ పిలిచి కూచోబెట్టుకుంది. ఆమె అంతకాలం ఆ విషయం మీద నోరు విప్పగా నేను వినలేదు. “పడిన రోజు నాతో అన్నార్రా,” అంది కొడుకుతో. “వాడు గడప దాటి వచ్చేస్తాడేమో అనుకున్నానే, అన్నారు. వస్తే ఏమనేవారండి అనడిగా. ఏమనేవాణ్ణో నాకే తెలీదు, బహుశా ఏమీ అనేవాణ్ణి కాదు, అన్నారు.” రంగడు తల వంచుకుని విన్నాడు. “ఆయన పిలుస్తారేమో అని చూశానమ్మా. ఒక్కసారి పిలిస్తే వెళ్ళేవాణ్ణి,” అన్నాడు. ఆమె వాడి వీపు నిమురుతూ ఉండిపోయింది. రెండోసారి కూడా వాళ్ళిద్దరూ ఒకరి మాట కోసం ఒకరు చూసి, చూసి, ఊరుకున్నారన్నమాట. రంగడు తల్లిని తీసుకుని బాపట్ల వెళ్ళిపోయాడు. అక్కడే లెక్కలు చెప్పుకుంటూ ఉండిపోయాడు. గుళ్ళ గురించి వాడు మాట్లాడ్డం మానేశాడు. మాటల్లో తూర్పు దేశాల పేరు వస్తే ప్రసాదూ నేనూ కూడా దాటేసేవాళ్ళం.

మా అమ్మాయి ఫోటో చూపించిన వారానికి నేను బాపట్ల వెళ్ళి, ఫోన్లో ఆ బొమ్మ రంగడికి చూపించాను. వాడు కళ్ళజోడు పైకి తోసుకుని, “బట్ట మార్చారు,” అన్నాడు. కాసేపటికి, “మా ఊరు పోదామా? చాలా కాలమైంది,” అన్నాడు. వెళ్ళాం. గుడికి రంగులేశారు, మండపంలో గచ్చు తీసేసి నున్నటి బండలు పరిచారు. లోపలున్న అర్చకుడు ఆ దాయాదుల ఇంటివాడే, మాధవుడని, ముప్ఫై దాటినవాడు. కొన్నేళ్ళు సింగపూర్ గుళ్ళో చేసి, తిరిగొచ్చి ఇక్కడ కుదురుకున్నాడు. రంగణ్ణి చూసి గబగబా వచ్చి నమస్కారం పెట్టాడు. “పెదనాన్నగారూ, లోపలికి రండి. మీరక్కడ నిలబడటమేంటండి? శాంతి చేయించుకుంటే అయిపోతుంది, రేపే చేయిస్తాను. మేమంతా చేయించుకున్నవాళ్ళమే కదండి,” అన్నాడు. ఆ మాటలో చులకన ఏమీ లేదు, నిజమైన గౌరవమే ఉంది. అర్చకులు వారం వారం విమానాలెక్కే కాలం. మా అమ్మాయి చిన్న పెట్టెతో పోయివచ్చిన చోటికి వెళ్ళినందుకు ఒక మనిషి జీవితమంతా గడప ఇవతల ఉండిపోయాడంటే ఆ పిల్లకి నమ్మబుద్ధి కాదు. నాకూ ఒక్కోసారి కాదు.

“నువ్వు చెయ్యి బాబూ. నేనిక్కణ్ణించి చూస్తా,” అన్నాడు రంగడు. మాధవుడు మొహమాటంగా లోపలికి వెళ్ళాడు. నేను ఉండబట్టలేక, “ఇంకా ఎందుకురా? కాదనేవాళ్ళు ఎవరున్నారు? మీ నాన్నగారు కూడా చివరికి ఏమీ అనేవాణ్ణి కాదనే కదా అన్నారు,” అన్నాను గొంతు తగ్గించి. రంగడు నావైపు తిరగలేదు. స్వామి భుజాల మీద నీళ్ళు పోస్తున్న ఆ కుర్రవాడి చేతుల్నే చూస్తున్నాడు. “నాన్న కింద పడితే దాటలేదు కరీం,” అన్నాడు. “ఇప్పుడు దేని కోసంరా దాటడం?”

గంట మోగింది. ఊరివాళ్ళు నలుగురైదుగురు వచ్చి మా పక్కన నిలబడ్డారు. రంగడు కాస్త జరిగి వాళ్ళకి చోటిచ్చాడు.